హిమాలయ ట్రెక్‌కి ఏ నెలలో వెళ్లాలి? టికెట్లు బుక్ చేసే ముందు ఇలా తేల్చుకోండి

"ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి మే మంచిదా, అక్టోబర్ మంచిదా?" "వేసవి సెలవుల్లో పిల్లలతో మంచులో నడిచే ట్రెక్ ఏదైనా ఉందా?" "ఆగస్టులో వరుసగా సెలవులు కలిసొచ్చాయి, మనాలి వైపు వెళ్లొచ్చా?" ఏడాది పొడుగునా ఇవే ప్రశ్నలు. అడిగేవాళ్ల దగ్గర అప్పటికే రెండు విషయాలు ఖరారైపోయి ఉంటాయి. ఒకటి ఆఫీసులో దొరికే సెలవు, రెండోది యూట్యూబ్‌లో చూసి మనసు పడ్డ ట్రెక్. ఈ రెండిటికీ పొంతన కుదరనప్పుడే "బెస్ట్ సీజన్ ఏది" అనే ప్రశ్న పుడుతుంది.

సెలవు తేదీలు మార్చుకోగలిగితే మీ అదృష్టం. మార్చుకోలేకపోతే ట్రెక్ మార్చుకోండి. హిమాలయాల్లో ఏ నెలలోనైనా ఎక్కడో ఒకచోట నడవదగ్గ దారి ఉంటుంది. ఆ దారి ఏదో కనుక్కోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- తిథులు కూడా ఉండే తెలుగు క్యాలెండర్. పండగ సెలవుల కోసమే కాదు, పౌర్ణమి ఎప్పుడో చూడటానికి కూడా.
- అనుకుంటున్న ట్రెక్‌లో ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో చెప్పే పట్టిక. నిర్వాహకుల వెబ్‌సైట్‌లో ఉంటుంది, లేకపోతే అడిగి తీసుకోండి.
- ఫోన్‌లో విండీ లేదా మీటియోబ్లూ లాంటి వాతావరణ యాప్, భారత వాతావరణ శాఖ (ఐఎండీ) వెబ్‌సైట్.
- మొత్తం సెలవులో కనీసం ఒకట్రెండు ఖాళీ రోజులు. నేపాల్‌లో ఎవరెస్ట్ దారి మొదలయ్యే లుక్లా దాకా విమానంలో వెళ్లే ట్రెక్ అయితే రెండు మూడు.
- వెంట వచ్చేవాళ్లతో పది నిమిషాల మాట. ఎవరికి చలి పడదు, ఎవరికి ఆస్తమా ఉంది, ఎవరు మొదటిసారి వస్తున్నారు అనేది ఇప్పుడే తేలాలి.

1. ఏం చూడాలో ఒక్క ముక్కలో రాసుకోండి

మంచు, పూలు, శిఖరాలు కొట్టొచ్చినట్టు కనపడే నీలాకాశం, పచ్చిక, జనం లేని దారి. ఇవన్నీ ఒకే నెలలో దొరకవు. ఒకటి ఎంచుకుని మిగతావాటిని వదులుకోండి.

కాలి కింద మంచు కావాలంటే డిసెంబర్ ఆఖరు నుంచి మార్చి దాకా. శిఖరాలు స్పష్టంగా కనపడాలంటే అక్టోబర్, నవంబర్. కొండవాలంతా ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ చెట్ల కోసమైతే ఏప్రిల్. ఈ పువ్వుని ఉత్తరాఖండ్‌లో బురాన్ష్ అంటారు, నేపాల్‌లో లాలీగురాస్ అంటారు. ఆ రోజుల్లో గఢ్వాల్ దారుల్లోని ఢాబాల్లో దీని షర్బత్ అమ్ముతారు, ఎర్రగా పుల్లపుల్లగా ఉంటుంది, తాగి చూడండి. నేల మీద చాపలా పరుచుకునే చిన్న పూలు కావాలంటే జూలై, ఆగస్టు. అంటే వానాకాలం. పూలు కావాలి, వాన వద్దు అంటే కుదరదు.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే, ఫొటో చూసి మురిసిపోవడం. హంప్తా పాస్ ఫొటోల్లో ఒకదాంట్లో పచ్చిక, ఇంకోదాంట్లో మోకాలి లోతు మంచు కనిపిస్తాయి. రెండూ నిజమే, కానీ వేరే వేరే వారాలవి. జూన్ మధ్యలో వెళ్లినవాళ్లకి మంచు, ఆగస్టులో వెళ్లినవాళ్లకి పచ్చిక. ఏ ఫొటో చూసినా ముందు తేదీ అడగండి.

2. ఆ ట్రెక్ కొండకి ఏ పక్కన ఉందో చూడండి

ఈ ఒక్క మెట్టు సరిగ్గా వేస్తే సగం పని అయిపోయినట్టే. రుతుపవనాల మేఘాలు దక్షిణం నుంచి వచ్చి హిమాలయాలకి తగిలి ఈ పక్కనే కురిసేస్తాయి, ఆ పక్కకి మిగిలేది తక్కువ. పశ్చిమ కనుమల వెనక ఉండిపోయిన అనంతపురం సంగతి తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి ట్రెక్‌ని ఈ మూడు గుంపుల్లో ఒకదాంట్లో వేయండి.

వాన పడే పక్క: ఉత్తరాఖండ్, కులూ–మనాలి, సిక్కిం, డార్జిలింగ్, నేపాల్‌లో ఎవరెస్ట్, అన్నపూర్ణ బేస్ క్యాంప్ దారులు. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా వీటిని వదిలేయడం మంచిది. సిక్కిం, నేపాల్‌లకు వాన ముందే వస్తుంది, ఉత్తరాఖండ్‌కి కొంచెం ఆలస్యంగా చేరుతుంది.

వాన నీడ పక్క: లదాఖ్, జంస్కార్, స్పితి, లాహౌల్, టిబెట్. వీటికి జూన్ నుంచి సెప్టెంబర్ వరకే అసలు సీజన్. కైలాస మానససరోవర యాత్రను మన దగ్గర వానలు దంచికొట్టే నెలల్లోనే ఎందుకు పెడతారని చాలామందికి అనుమానం. కారణం ఇదే. కైలాసం వాన నీడలో ఉంది, పైగా 5,600 మీటర్లు దాటిన డోల్మా లా కనుమ మంచు లేకుండా దొరికేది ఆ నెలల్లోనే.

మధ్యరకం: కాశ్మీర్. వాన పడుతుంది కానీ ఉత్తరాఖండ్ అంత కాదు. అందుకే కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ జూలై నుంచి సెప్టెంబర్ మధ్య వరకు నడుస్తుంది.

ఒక హెచ్చరిక. వాన నీడ అంటే వాన అసలే పడదని కాదు. 2010 ఆగస్టు 6న లేహ్‌లో క్లౌడ్ బరస్ట్ వచ్చి ఊరు ఊరే బురదలో మునిగింది. అలాంటి చోట్ల మట్టి కొండలు వానకి అలవాటు పడి ఉండవు, కొద్దిపాటి వానకే జారతాయి. లదాఖ్‌లో కూడా వాగు ఒడ్డున టెంట్ వేయనివ్వకండి.

ఇంకొకటి, హంప్తా పాస్ లాంటి ట్రెక్‌లు రెండు పక్కలా ఉంటాయి. మనాలి వైపు మొదలై 4,270 మీటర్ల కనుమ దాటి లాహౌల్‌లో దిగుతారు. జూలైలో ఈ పక్క తడిసి ముద్దవుతారు, ఆ పక్క దిగేసరికి దుమ్ము. రెండిటికీ బట్టలు సర్దుకోవాలి.

3. మీ సెలవుల్ని దీనికి జోడించండి

మన తెలుగువాళ్ల సెలవులు దాదాపు ఒకే మూసలో వస్తాయి కాబట్టి వాటి ప్రకారమే చెబుతాను.

సంక్రాంతి. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ (సుమారు 3,800 మీటర్లు) లేదా బ్రహ్మతాల్. రెండూ చలికాలపు మంచు ట్రెక్‌లే, మొదటిసారి వెళ్లేవాళ్లు కూడా చేయగలరు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా కేదార్‌కంఠ మీద తిరునాళ్లే, సంక్రాంతికి కొంచెం పలచబడుతుంది. డిసెంబర్ మొదటి వారంలో వెళ్లి మంచు లేదని గొణగకండి. ఈ మంచును తెచ్చేది పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు, అవి జనవరి, ఫిబ్రవరిలో జోరందుకుంటాయి. గడ్డకట్టిన జంస్కార్ నది మీద నడిచే చాదర్ ట్రెక్ జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకే. రాత్రి మైనస్ 25 డిగ్రీలకు పడిపోయే చోటు అది, లేహ్‌లో వైద్య పరీక్ష పాసైతేనే వదులుతారు. మొదటి ట్రెక్‌గా దాన్ని పెట్టుకోకండి.

శివరాత్రి, మార్చి. నన్ను అడిగితే మంచు ట్రెక్‌కి ఇదే అసలు సమయం. చలికాలమంతా కురిసిన మంచు పేరుకుని ఉంటుంది, పగలు ఎండ కాస్తుంది, దేశమంతా పరీక్షల హడావుడిలో ఉంటుంది కాబట్టి దారులు ఖాళీ. పెళ్లై పిల్లలు లేనివాళ్లకి, కాలేజీ దాటినవాళ్లకి ఇది కలిసొచ్చే నెల.

ఉగాది, ఏప్రిల్. డార్జిలింగ్ దగ్గర సాందక్‌ఫు (3,636 మీటర్లు), సిక్కింలో గోయెచా లా దారి, అన్నపూర్ణ బేస్ క్యాంప్ (4,130 మీటర్లు), ఎవరెస్ట్ బేస్ క్యాంప్. పూలు ఖాయం. శిఖరాలు మాత్రం పొద్దున పూటే, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది.

వేసవి సెలవులు. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు మన బడులకు సెలవులు. పిల్లలతో వెళ్లాలంటే హర్ కీ దూన్, దయారా బుగ్యాల్. కాస్త గట్టిగా నడవగలిగిన పెద్దపిల్లలైతే కసోల్ దగ్గర సార్ పాస్. మే నెలలో అక్కడ ఇంకా మంచు ఉంటుంది, "సమ్మర్‌లో మంచు" అని అడిగేవాళ్లకి సమాధానం ఇదే. జూన్ మూడో వారానికి సెలవుని లాక్కెళ్లకండి. 2013లో కేదార్‌నాథ్ వరదలు వచ్చింది జూన్ 16, 17 తేదీల్లో. ఆ ఏడు వాన ముందే వచ్చింది.

జూలై, ఆగస్టు. కాశ్మీర్ గ్రేట్ లేక్స్, లదాఖ్‌లో మార్ఖా లోయ, స్పితి వైపు పిన్ భాబా. వాన పక్కన ఉన్నా ఈ నెలల్లోనే వెళ్లాల్సింది ఒక్కటుంది, చమోలీ జిల్లాలోని పూల లోయ. జూన్ 1న తెరుస్తారు, అక్టోబర్ ఆఖరున మూసేస్తారు. జూన్‌లో వెళ్తే మంచు కరిగిన బురద, అక్టోబర్‌లో వెళ్తే ఎండిన గడ్డి. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకానే పూలు. గొడుగు కాదు, పోంచో తీసుకెళ్లండి.

దసరా నుంచి కార్తీక పౌర్ణమి దాకా. తూర్పున సాందక్‌ఫు నుంచి పడమర హర్ కీ దూన్ వరకు, నేపాల్‌తో సహా, గాలి కడిగినట్టుండే రోజులివి. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి. దసరా ఏటా ఒకే తేదీకి రాదు. 2025లో అక్టోబర్ 2న వచ్చింది, 2026లో అధిక మాసం వల్ల అక్టోబర్ 20కి జరిగింది. అక్టోబర్ 2 నాటికి నేపాల్‌లో వాన అప్పుడే వెనక్కి మళ్లుతుంటుంది, 20 నాటికి ఆకాశం తేటపడుతుంది. "దసరాకి వెళ్లాం, అంతా మబ్బే" అన్నవాళ్లు, "దసరాకి వెళ్లాం, అద్భుతం" అన్నవాళ్లు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇంగ్లిష్ తేదీ చూడండి.

4. ఎత్తుని చలిలోకి మార్చి చూడండి

లెక్క సులువు. ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గించండి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో రాత్రి ఆగే ఊళ్లలో నామ్చే బజార్ 3,440 మీటర్లు, గోరక్ షెప్ 5,164 మీటర్లు. తేడా 1,700 పైచిలుకు, అంటే 11 డిగ్రీలు. నామ్చేలో రాత్రి సున్నా ఉందని యాప్ చూపిస్తే గోరక్ షెప్‌లో మైనస్ 11 అనుకోండి. దీనికి గాలి తోడైతే వేరే కథ. మైనస్ 10 దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20 లా ఉంటుంది. డిసెంబర్, జనవరి నెలల్లో ఎత్తైన కనుమల మీద సమస్య మంచు కాదు, ఈ గాలే.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ట్రెక్ పేరు కొట్టి వాతావరణం చూస్తారు, యాప్ మాత్రం దగ్గర్లోని ఊరి లెక్క చూపిస్తుంది. పూల లోయకని జోషీమఠ్ చూస్తారు, కేదార్‌కంఠకని డెహ్రాడూన్ చూస్తారు. యాప్‌లో ఆ పాయింట్ పక్కన ఎత్తు ఎంత రాసి ఉందో చూసి, మీ క్యాంపు ఎత్తుతో తేడా తీసి పై లెక్క వేయండి.

"లంబసింగిలో సున్నా డిగ్రీలు తట్టుకున్నాం" అని ధీమాగా ఉండకండి. అక్కడ తెల్లారి ఎండ రాగానే ఆ చలి పోతుంది, మీరు కారెక్కి వెళ్లిపోతారు. ఇక్కడ చెమటతో తడిసిన బనియన్‌తో మధ్యాహ్నం రెండింటికే క్యాంపుకి చేరి, మర్నాడు పొద్దున ఏడింటి దాకా ఆ చలిలోనే ఉండాలి.

సరిచూసుకునే పద్ధతి: లెక్కలో వచ్చిన రాత్రి ఉష్ణోగ్రత ఇంకో ఐదు డిగ్రీలు తగ్గించండి. మీకు ఇచ్చే స్లీపింగ్ బ్యాగ్ మీద కంఫర్ట్ అని రాసిన అంకె అంతకన్నా తక్కువ ఉండాలి. లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అనే అంకెలు చూసి మోసపోకండి, ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలిచే హద్దు, నిద్ర పట్టేది కాదు. సరిపోలేదా? నెల మార్చండి, లేదా బ్యాగ్ మార్చండి.

5. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం

ఎక్కువమంది అడిగేది దీని గురించే కాబట్టి కొంచెం వివరంగా.

2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కిన దగ్గర్నుంచి మనవాళ్లలో "ఎవరెస్ట్ అంటే మే" అని నాటుకుపోయింది. శిఖరం ఎక్కేవాళ్లకి అది సరైనదే. 8,849 మీటర్ల పైన వీచే భీకరమైన గాలి మే రెండో సగంలో కొన్ని రోజులు తగ్గుతుంది, వాళ్లు దాని కోసం కాచుకుని కూర్చుంటారు. మీరు వెళ్లేది 5,364 మీటర్ల బేస్ క్యాంప్‌కి. మీకు ఆ గాలితో పనిలేదు. మే ఆఖరికి కింద మబ్బులు పెరుగుతాయి, లుక్లా విమానాలు ఆగుతుంటాయి, వాన గుమ్మంలో ఉంటుంది. కాబట్టి ఎక్కేవాళ్ల సీజన్‌ని నడిచేవాళ్ల సీజన్‌గా తీసుకోకండి.

బేస్ క్యాంప్‌లో పసుపుపచ్చ టెంట్ల ఊరు చూడాలని ఉంటే ఏప్రిల్ రెండో వారం నుంచి మే రెండో వారం లోపు వెళ్లండి. శిఖరం ఎక్కేవాళ్లు వేసుకునే ఆ గుడారాలు వసంతంలోనే ఉంటాయి. అక్టోబర్‌లో వెళ్తే చాలావరకు రాళ్లూ, మంచూ, జెండాలే. ఇది తెలియక "ఇంత దూరం వస్తే ఇక్కడ ఏమీ లేదేంటి" అని నీరసపడేవాళ్లు ఉన్నారు.

ఫొటోలు కావాలంటే అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ రెండో వారం. గోరక్ షెప్ పక్కనున్న కాలా పత్థర్ గుట్ట మీద నుంచి ఎవరెస్ట్ కనపడటం దాదాపు ఖాయం. కానీ జనం. లోబుచేలో, గోరక్ షెప్‌లో గది దొరక్క భోజనశాల బెంచీల మీద పడుకునేది ఈ నెలలోనే. మధ్యాహ్నం లోపు చేరేలా పొద్దున్నే బయల్దేరండి, లేదా గైడ్‌తో ముందు రోజే ఫోన్ చేయించండి.

పైగా మన దసరా రోజుల్లోనే నేపాల్‌లో దశైన్. ఆ దేశానికి అదే పెద్ద పండగ. ఖాట్మండు నుంచి బస్సులన్నీ కిక్కిరిసి ఉంటాయి, ఆఫీసులు మూస్తారు, గైడ్లూ పోర్టర్లూ ఇంటికి పోవాలని చూస్తారు. మన సంక్రాంతికి హైదరాబాద్‌లో డ్రైవర్ దొరుకుతాడా? అక్కడా అంతే. పండగ వారం దాటాక బయల్దేరితే మనుషులు దొరుకుతారు.

నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మొదటి వారం వరకు నాకు ఇష్టమైన సమయం. జనం తగ్గుతారు, ఆకాశం అలాగే ఉంటుంది. చలి ఎక్కువ, ఒప్పుకుంటాను. బకెట్లో నీళ్లు గడ్డకడతాయి, ఫోన్ బ్యాటరీ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోకపోతే పొద్దున్నకి చచ్చిపోయి ఉంటుంది. చలి పడనివాళ్లు ఈ మాట పట్టించుకోవద్దు.

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య వరకు వద్దు. కింద జలగలు, పైన మబ్బు. ఆ నెలలే కుదిరితే లదాఖ్ వెళ్లండి.

6. దారి కూడా సీజన్‌లో భాగమే

ట్రెక్ నడిచే రోజుల వాతావరణం చూసి, మొదలయ్యే చోటికి చేరే దారిని మరిచిపోతుంటారు.

లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు. మబ్బు దిగితే విమానం ఎగరదు, మధ్యాహ్నం గాలి లేస్తే ఎగరదు. రద్దీ నెలల్లో విమానాల్లో ఎక్కువ భాగం ఖాట్మండు నుంచి కాకుండా రామేఛాప్ జిల్లాలోని మంథలీ నుంచి నడుపుతారు, అంటే అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు జీపులో పోవాలి. అదేదో మోసం అనుకుని ఏజెంట్‌తో గొడవ పెట్టుకోకండి.

మే, జూన్‌లో ఉత్తరాఖండ్ దారులన్నీ చార్‌ధామ్ యాత్రికులతో నిండిపోతాయి. హరిద్వార్, రుషికేశ్ దాటడానికే పూట పడుతుంది. ట్రెక్ చిన్నదైనా రానూపోనూ రోడ్డుకి ఒక్కో రోజు అదనంగా వేసుకోండి. అమర్‌నాథ్ యాత్ర జరిగే రోజుల్లో సోనామార్గ్ వైపు వాహనాలపై ఆంక్షలుంటాయి, గ్రేట్ లేక్స్‌కి వెళ్లేవాళ్లు ఆ తేదీలు చూసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో మనాలి రోడ్డు కొండచరియలకు పెట్టింది పేరు. 2023 జూలైలో బియాస్ నది పొంగి ఆ హైవేనే కోసేసింది.

7. నెల తేలాక వారం ఎంచుకోండి

సీజన్ తెరుచుకున్న మొదటి వారం, మూసుకునే ఆఖరి వారం రెండూ పేకాటలాంటివే. కనుమ దాటే ట్రెక్‌లలో మొదటి బ్యాచ్‌కి దారి ఉండదు, మంచు తొక్కుతూ వాళ్లే వేయాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు సీజన్ మొదలైన రెండు వారాల తర్వాతి తేదీ తీసుకోండి. మంచులో అనుభవం ఉన్నవాళ్లకి మాత్రం ఆ మొదటి బ్యాచే సరదా.

పౌర్ణమికి అటూఇటూ అయితే వెన్నెల్లో మంచుకొండలు చూడొచ్చు, అర్ధరాత్రి లేచి శిఖరానికి నడిచే రోజు హెడ్‌ల్యాంప్‌తో పెద్దగా పని పడదు. నక్షత్రాలు, పాలపుంత ఫొటో కావాలంటే అమావాస్య వైపు జరగండి.

వారాంతానికి మొదలయ్యే బ్యాచ్‌లు నిండిపోతాయి. మంగళ, బుధవారాల్లో మొదలయ్యేవి చూడండి.

8. తుఫాను వార్తలు వినండి

నీలాకాశం నెలలని చెప్పిన అక్టోబర్, నవంబర్‌లే బంగాళాఖాతంలో తుఫానుల నెలలు కూడా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఊడ్చేసిన సంగతి మనకు గుర్తుంది. అదే తుఫాను బలహీనపడి ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుఫానుగా విరుచుకుపడింది. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల, ధౌలాగిరి వైపు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ మధ్య, అసలు సిసలు సీజన్ అది.

అందుకని బయల్దేరడానికి పది రోజుల ముందు నుంచి మన తీరం వైపు కూడా చూస్తూ ఉండండి. విశాఖ, ఒడిశా తీరం దాటి ఉత్తరానికి వెళ్తున్న వాయుగుండం ఉందంటే, తీరం దాటిన రోజు నుంచి మూడు నాలుగు రోజులు ఎత్తైన కనుమ దాటే ప్రయత్నం చేయకండి. కింది గ్రామంలోనే ఆగండి. ముందు చెప్పిన ఖాళీ రోజులు ఇందుకే. నేపాల్‌కి అక్కడి జల, వాతావరణ శాఖ బులెటిన్లు, మన వైపు అయితే ఐఎండీ జిల్లాలవారీగా ఇచ్చే ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు చూడండి.

యాప్‌ని ఎంతవరకు నమ్మాలి? మూడు నాలుగు రోజుల వరకు బాగానే. పది రోజుల తర్వాత వాన అని చూపిస్తే టికెట్ రద్దు చేసుకోకండి, ఎండ అని చూపిస్తే సంబరపడకండి.

9. డబ్బు కట్టే ముందు ఆఖరి తనిఖీ

నిర్వాహకుల్ని ఈ ప్రశ్నలు అడగండి. సమాధానాలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

- పోయిన ఏడాది ఇదే వారం ఫొటోలు, తేదీతో సహా పంపగలరా?
- ఈ తేదీకి కనుమ తెరిచి ఉంటుందా? లేకపోతే ఎక్కడి దాకా తీసుకెళ్తారు?
- 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కన్నా ఎక్కువ పెరుగుతోందా? మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి రోజు ఉందా?
- మైక్రోస్పైక్స్ (మంచులో జారకుండా బూట్లకి తొడిగే ముళ్లు), గైటర్లు (బూట్లలోకి మంచు పోకుండా కాలికి చుట్టే తొడుగులు) మీరే ఇస్తారా?
- వాతావరణం వల్ల ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో బ్యాచ్‌లో పంపిస్తారా?
- అటవీ శాఖ అనుమతులు ఆ నెలలో ఇస్తున్నారా?

ఆఖరి ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. సాందక్‌ఫు ఉండే సింగలీలా నేషనల్ పార్క్‌ని జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య వరకు మూసేస్తారు. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో బుగ్యాల్‌లలో, అంటే ఎత్తైన కొండ పచ్చిక మైదానాల్లో, రాత్రి బసను నిషేధించింది. రూప్‌కుండ్ ట్రెక్‌లో క్యాంపులు వేసేది అలాంటి చోట్లే. ఇప్పటికీ పాత వీడియోలు చూసి రూప్‌కుండ్ ప్యాకేజీ అడిగేవాళ్లున్నారు.

"ఈ ట్రెక్ ఏ నెలలోనైనా సూపర్ సార్" అనే సమాధానం వస్తే ఫోన్ పెట్టేయండి. కొండ తెలిసినవాడు ముందు వద్దనే నెలలు చెబుతాడు.

ఎత్తు గురించి కూడా ఒక్క మాట, ఎందుకంటే దీనికి సీజన్ మందు కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద కొండ అనుకునే అరకు దగ్గరి అర్మ కొండే సుమారు 1,680 మీటర్లు. ఇంటి దగ్గర ఎంత నడిచినా కాళ్లు గట్టిపడతాయి తప్ప ఎత్తు అలవాటవదు. ఎంత చక్కటి అక్టోబర్ అయినా తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి ఎక్కకండి, తగ్గకపోతే కిందికి దిగండి. ఎత్తు పడకపోవడానికి వాడే డయమాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అనేది వెళ్లేముందు డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి, పక్క టెంట్ వాళ్లని అడిగి కాదు.

అన్నీ సరిపోయి తేదీ ఖాయమైతే విమాన టికెట్లు తీసుకునేటప్పుడు తిరుగు ప్రయాణం టికెట్‌ని ట్రెక్ ముగిసే రోజు సాయంత్రానికి పెట్టకండి. ఢిల్లీ నుంచి మర్నాడు రాత్రికి, ఖాట్మండు నుంచి అయితే రెండు రోజుల తర్వాతకి పెట్టుకోండి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొంచెం ఖరీదైనా అదే తీసుకోండి.